ఆర్ఎన్ఎన్‌తో ఎన్‌క్రిప్షన్ – 3వ పాఠం: మన సైఫర్‌ని మనమే పగలగొడదాం

పోయిన పాఠంలో 8 యూనిట్ల బుల్లి ఆర్ఎన్ఎన్ (ముందు స్టెప్ ఫలితాన్నే మళ్లీ లోపలికి తీసుకునే న్యూరల్ నెట్‌వర్క్) కట్టాం కదా, స్టేట్‌లో (ఆ 8 యూనిట్లలో అప్పుడున్న నంబర్లు) ఒక్కోటీ 0 నుంచి 255 లోపు పూర్ణాంకం, కీని మొదటి స్టేట్‌గా పెట్టి, స్టెప్ స్టెప్‌కీ వచ్చే 8 నంబర్లనీ కీస్ట్రీమ్ (మెసేజ్‌ని దాచడానికి దాంతో కలిపే బైట్ల వరస) అనుకుని మెసేజ్ బైట్లతో ఎక్సార్ (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0; మళ్లీ చేస్తే పాతదే తిరిగొస్తుంది) చేశాం. (దశాంశాలు వాడితే సీపీయూ, జీపీయూ రౌండింగ్‌లో చిన్న తేడా వచ్చినా అవతలి వాళ్లకి చెత్త వస్తుంది, అందుకే పూర్ణాంకాలు.)

అవుట్‌పుట్ చూస్తే ఏమీ అర్థం కాదు, కానీ అది సేఫ్ కాదు. వెయిట్లు (నెట్‌వర్క్ లెక్కల్లో వాడే స్థిరమైన నంబర్లు) అందరికీ తెలుసనే లెక్కేసుకోవాలి, రహస్యం కీ ఒక్కటే ఉండాలి, ఇది కెర్కాఫ్స్ అనే క్రిప్టోగ్రాఫర్ 1883లోనే చెప్పిన రూల్.

ఇప్పుడు తెలుగు మెసేజ్ తీసుకోండి. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) 'క' అంటే 224, 176, 149. 'న' అంటే 224, 176, 168. తెలుగులో ఏ అక్షరమైనా, గుణింతం గుర్తయినా 3 బైట్లే, మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 లోపు. అంటే దొంగ చేతికి చిక్కిన మొదటి బైట్ 189 అయితే, 224తో ఎక్సార్ చేస్తే 93, అదే మన స్టేట్‌లో మొదటి నంబర్, అడక్కుండానే ఇచ్చేశాం!

మొదటి 8 బైట్లూ ఇలాగే చూడండి (ఖాళీకి ఒక్క బైటే కాబట్టి, అక్కడ ఖాళీ లేదనుకుందాం). 1, 4, 7 ఖాయంగా తెలుసు, 2, 5, 8కి చెరి రెండు చాన్సులు, 3, 6కి చెరి 64. మొత్తం 32,768. ఒక్కోదాన్నీ స్టేట్‌గా పెట్టి నెట్‌వర్క్‌ని ముందుకి నడిపి, తర్వాతి బైట్లు కూడా తెలుగులా విడుతున్నాయా అని చూసుకుంటూ పోతే సరి, మామూలు లాప్‌టాప్‌కి ఇదో పని కాదు, కీ గొడవే లేకుండా మిగతా మెసేజ్ మొత్తం చదివేయొచ్చు.

కాబట్టి స్టేట్ మొత్తం ఎప్పుడూ బయటపెట్టకండి. 32 యూనిట్లు పెట్టి స్టెప్‌కి 4 బైట్లే వదలండి. చాచా20 అనే సైఫర్ అయితే 20 రౌండ్లు కలిపాక మొదటి స్టేట్‌ని మళ్లీ కూడుతుంది, దాంతో అవుట్‌పుట్ పట్టుకుని వెనక్కి నడపడం కుదరదు, నాకు చాలా నచ్చిన ఐడియా ఇది. నిజమైన రహస్యాలకి మాత్రం ఏఈఎస్సో చాచా20నో (రెండూ బాగా పరీక్షకి నిలిచిన సైఫర్లు) వాడండి, 2002లో కాంటర్, కింజెల్ వాళ్ల న్యూరల్ కీ ఎక్స్ఛేంజ్‌ని (న్యూరల్ నెట్‌వర్క్‌లతో ఇద్దరూ ఒకే కీకి వచ్చే పద్ధతి) క్రిప్టోగ్రాఫర్ షమీర్ టీమ్ అదే ఏడాది పగలగొట్టింది.

హోంవర్క్: ఒకే కీతో, ఖాళీల్లేని రెండు తెలుగు మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ రెండు అవుట్‌పుట్‌లనీ ఎక్సార్ చేయండి. 1, 4, 7 ఇలా మూడేసి బైట్లకొకసారి సున్నాలు ఎందుకొస్తున్నాయో రాసుకుని రండి, 4వ పాఠంలో నాన్స్ (ఒక్కసారే వాడే నంబర్) అక్కడి నుంచే మొదలుపెడతాం.