గోదాం మూలన ఉన్న సెన్సార్ పలకడం లేదా?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గోదాంలో ధాన్యం వేడి, తేమ చూసే బ్యాటరీ లేని సెన్సార్లు పెట్టాం. ట్రాన్స్‌మిటర్ వదిలే రేడియో తరంగాలనే అవి కరెంటుగా మార్చి కెపాసిటర్‌లో దాచుకుంటాయి. వంతు రాగానే రీడింగ్ పంపుతాయి.

సమస్య: దగ్గరివి నిమిషానికోసారి పలుకుతాయి, మూలది పొద్దంతా మౌనం.

కారణం: మేమైతే సెన్సార్ పాడైందని రెండుసార్లు మార్చాం, దండగ. దూరం రెట్టింపైతే దానికి అందే శక్తి నాలుగో వంతే. ఆ కాస్తతో పంపిన సిగ్నల్ తిరిగొచ్చేసరికి మళ్లీ నాలుగో వంతు. మొత్తం పదహారో వంతు! 2014లో వైర్‌లెస్ పరిశోధకులు హ్యుంగ్‌సిక్ జు, రుయ్ జాంగ్ తమ పరిశోధనా పత్రంలో చెప్పిన జంట దెబ్బ ఇదే. పైగా ఏ సెన్సార్‌కు ఎంత టైమో పంచే మా షెడ్యూలర్ ప్రోగ్రామ్ మొత్తం డేటా పెంచాలని చూసేది. అలా చూస్తే టైమంతా దగ్గరివాటికే పోతుంది.

పరిష్కారం: పవర్ పెంచుదామంటే మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్‌కు 1 వాట్, యాంటెనా దాన్ని ఒకవైపు కేంద్రీకరించాక 4 వాట్లకు సమానమైన బలమే హద్దు. కాబట్టి టైమ్ పంపకమే మార్చాలి. అన్నిటికన్నా వెనకబడ్డ సెన్సార్‌ను పైకి తేవడమే లెక్కగా పెట్టుకోండి. దగ్గరివాటిని పది నిమిషాలకోసారికి కుదించి, మిగిలిన టైములో ఎక్కువ ఛార్జింగ్‌కు, కొంత మూలదానికి ఇవ్వండి. అది తక్కువ పవర్‌తో నిదానంగా పంపాలి. మరీ సాగదీయకండి, చిప్ మేల్కొని ఉన్నందుకే ఛార్జి తినేస్తుంది. మొత్తం డేటా తగ్గుతుంది, తగ్గనీయండి. ధాన్యం వేడెక్కేది గంటల లెక్కన, నిమిషానికో రీడింగ్ ఎవరికి కావాలి?

సమస్య: సెన్సార్ లేస్తుంది, రీడింగ్ పంపబోతూ పడిపోతుంది.

కెపాసిటర్‌కు మల్టీమీటర్ పెట్టి వోల్టేజి చూడండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 3 వోల్టుల నుంచి 2.2కు దిగితే ఇచ్చేది సుమారు 2 మిల్లీజౌళ్ల శక్తే. ప్యాకెట్, అంటే ఒకసారి పంపే డేటా, అంతకు మించి శక్తి తింటే దాన్ని చిన్నది చేయాలి. వోల్టేజి అసలు పైకే రాకపోతే కెపాసిటర్ లీకేజీ చూడండి. 20 మీటర్ల దూరాన అడ్డేమీ లేకున్నా అందేది పది, పన్నెండు మైక్రోవాట్లు, అందులో కొంతే కరెంటవుతుంది.

సమస్య: ఖాళీ గోదాంలో బాగుంది, వానాకాలం పంట రాగానే ఆగింది.

బస్తాల్లోని నీరు తరంగాలను మింగేస్తుంది. కొనుగోలు హద్దు 17 శాతం తేమ అంటే తక్కువేం కాదు. ట్రాన్స్‌మిటర్‌ను పైకప్పు దూలానికి కట్టండి, సెన్సార్ యాంటెనా బస్తాకు తగలనీయకండి. అయినా రాకపోతే సెన్సార్‌ను బెత్తెడు పక్కకు జరపండి. రేకుల నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకచోట కొట్టేసుకుంటే, తొమ్మిది సెంటీమీటర్ల అవతల బలపడొచ్చు. మా మూలదాన్ని హమాలీలు బస్తా దించుతూ జరిపారు, అప్పుడే మొదటి రీడింగ్ వచ్చింది.