పార్సిల్ డబ్బా వెనక్కి తెస్తారా? కస్టమర్ మనసు కనుక్కునే పద్ధతి

“మళ్లీ వాడే డబ్బాలో పార్సిల్ ఇస్తే తీసుకుంటారా?” అని నేరుగా అడిగితే దాదాపు అందరూ తల ఊపేస్తారు. పర్యావరణం మాటెత్తాక కాదనడానికి మొహమాటం. అందుకే నేను సర్వేని ఆ ప్రశ్నతో మొదలుపెట్టను. “పోయినసారి పార్సిల్ వచ్చిన డబ్బాని ఏం చేశారు?” అంటాను. కడిగి దాచారా, ఆ పూటే చెత్తలో వేశారా? జరిగిపోయినదాన్ని జనం అంతగా పెంచి చెప్పరు.

తర్వాత అడ్డంకుల్ని విడివిడిగా అడగండి: ఎవరో తిన్న డబ్బా అనే శంక, డబ్బాకి ముందే కట్టిన డిపాజిట్ ఇరుక్కుపోతుందన్న టెన్షన్, కడిగే పని, తిరిగివ్వడానికి మళ్లీ రావాల్సిన శ్రమ. నన్నడిగితే చివరిదే అసలు చిక్కు. శుభ్రత దగ్గరికొచ్చేసరికి మాత్రం నిజం డబ్బా చేతికివ్వండి. కొత్తది కాదు, గీతలు పడి కాస్త రంగు మారినది. ఫొటో చూసి చెప్పే జవాబు వేరు, మూత తీసి వాసన చూశాక వచ్చే జవాబు వేరు.

డబ్బు ప్రశ్నని రెండు రకాలుగా రాయండి. సగం మందికి “సొంత డబ్బా తెస్తే తగ్గింపు”, మిగతా సగానికి “వాడిపారేసే డబ్బాకి అదనపు చార్జీ”. కాఫీ కప్పుల మీద బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో చార్జీ పనిచేసింది, తగ్గింపు పనిచేయలేదు.

కౌంటర్ దగ్గరే కాదు, ఇంటికి తెప్పించుకునేవాళ్లనీ అడగండి.

ఆపైన కొన్ని వారాలు నిజంగానే డబ్బాలిచ్చి, ఎన్ని వెళ్లాయో ఎన్ని తిరిగొచ్చాయో రాసిపెట్టుకోండి. తేనివాళ్లకి ఫోన్ చేసి కారణం అడగండి. డబ్బా మాత్రం అడగొద్దు, అడిగారంటే కారణం చెప్పరు.