దసరాకి పాత కారు కొంటున్నారా? మీటరు కన్నా ముందు చూడాల్సినవి

దసరా దగ్గర పడిందంటే మన విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత కార్ల బేరాలు జోరందుకుంటాయి. ఆయుధపూజ నాటికి బండి ఇంటి ముందు ఉండాలి, సిరిమానోత్సవానికి పిల్లల్ని అందులోనే తీసుకెళ్లాలి అనుకుంటారు చాలామంది. ఆ తొందరలోనే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటున్నారు. చీటీ పాడి, బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కదా, చూస్తుంటే మనసు ఊరుకోదు. అందుకే ఇది రాస్తున్నాను.

లక్ష కిలోమీటర్లు దాటిందన్న ఒక్క కారణంతో ఏ కారునీ వదిలేయకండి. శ్రీకాకుళం నుంచి విశాఖకి రానూ పోనూ 200 కిలోమీటర్ల పైమాటే. వారానికి రెండుసార్లు తిరిగినా ఏడాదికి 20 వేలు దాటిపోతుంది. ఇలా హైవే మీద టాప్ గేరులో నడిచిన బండికి ఇంజన్ సమంగా వేడెక్కుతుంది, క్లచ్, బ్రేకులు తక్కువ అరుగుతాయి. రోజూ రెండు కిలోమీటర్లు బజారుకి వెళ్లొచ్చే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తారు, ఆయిల్ త్వరగా పాడవుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ కూడా ఇలాంటి చిన్న ప్రయాణాల వల్లే మూసుకుపోతుంది. సర్వీసు సరిగ్గా జరిగిన లక్షా ముప్పై వేల కారు నన్ను భయపెట్టదు. పదేళ్ల డీజిల్ కారు 55 వేలే తిరిగిందంటే మాత్రం, మీటరు వెనక్కి తిప్పారేమోనని భయపడతాను. తక్కువ తిరిగేవాళ్లు అసలు డీజిల్ ఎందుకు కొంటారు?

నేను మొదట కొన్న కారు మీటరు 61 వేలు చూపించింది. ‘డాక్టరు గారు వాడిన బండి, సింగిల్ ఓనర్’ అన్నాడు అమ్మినాయన. మూడు నెలల తర్వాత మా మెకానిక్ బానెట్ లోపల ఒక పాత ఆయిల్ స్టిక్కర్ చూపించాడు. తర్వాతి సర్వీసు 1,20,000 దగ్గర అని దాని మీద పెన్నుతో రాసి ఉంది. “ఏటి బాబూ, అంకెలు చూసి కొనీసావా? కాలు పెట్టే చోటు చూడాలి గానీ” అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

కాలు పెట్టే చోటంటే బ్రేక్, క్లచ్ పెడళ్ల రబ్బరు. గీతలు అరిగి నున్నగా ఉన్నాయంటే 40 వేల బండి కాదు. రబ్బరు మరీ కొత్తగా ఉన్నా అనుమానించాలి. డ్రైవరు సీటుకి తలుపు వైపు అంచు నలిగిందేమో, స్టీరింగ్ కవరు తీస్తే కింద మెరుస్తోందేమో చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కారు 2018 మోడల్, మీటరు 30 వేలు, నాలుగు టైర్లూ 2023వి అయితే, అంత తక్కువ తిరిగిన బండికి టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగాలి. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు తెప్పించమనండి. ఫోన్‌లో ఫాస్టాగ్ ఖాతా తెరిచి చూపించమనండి, మడపాం టోల్‌ గేటు ఎన్నిసార్లు దాటాడో తెలిసిపోతుంది.

మన జిల్లాల్లో ఇంతకన్నా పెద్ద శత్రువు ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడ్డ కారు పైకి తళతళలాడుతున్నా అడుగున తినేసి ఉండొచ్చు. తప్పకుండా లిఫ్ట్ మీద పెట్టించండి. తలుపుల కింది అంచులు, చక్రాల పైగూడు, బ్రేకు గొట్టాలు, కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే కనిపించే రేకు చూడండి. సైలెన్సర్ మీద పైపైన తుప్పు మామూలే. స్క్రూడ్రైవరుతో నొక్కితే రేకు పొరలుగా రాలుతుంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. అడుగంతా కొత్తగా నల్లరంగు పూసి ఉంటే, ఎప్పుడు పూయించారు, ఎందుకు పూయించారు అని అడగండి.

తర్వాత నీట మునిగిన బండ్లు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న వచ్చాయి. రెండూ దసరాకి అటూ ఇటూగా వచ్చినవే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటివి కడిగి, సీటు కవర్లు మార్చి వేరే ఊళ్లో అమ్మితే కనిపెట్టడం కష్టం. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే నీళ్లు అంత ఎత్తు వచ్చినట్టే. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, ఫ్యూజుల పెట్టెలో పచ్చటి పొర కూడా అదే చెబుతాయి. ఏసీ ఆపి, అద్దాలు మూసి ఐదు నిమిషాలు కూర్చోండి. ముక్కవాసన వస్తే లేచి వచ్చేయండి. వైర్లలోకి నీళ్లు చేరిన కారు ఏడాది తర్వాతైనా ఏడిపిస్తుంది.

ఇంజన్ని ఉదయాన్నే, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం, లోపలికి పోతోందేమో చూడాలి. ఆయిల్ మూత కింద పాలటీ రంగు నురగ ఉన్నా అదే అనుమానం. ట్రయల్‌కి ఊళ్లో ఒక చుట్టు చాలదు. శృంగవరపుకోట వైపు వాళ్లయితే బొడ్డవర దాటి ఘాట్ ఎక్కించండి. ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నుంచండి.

ఎంపరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ కనిపిస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వొద్దు. పైడిభీమవరం కంపెనీలకి టాక్సీగా స్టాఫ్‌ని తిప్పి, తర్వాత సొంత బండిగా తెల్ల బోర్డుకి మార్చిన కారైతే ధర ఆ లెక్కన ఉండాలి. ఇచ్ఛాపురం అవతలి నుంచి ఒడిశా నంబరుతో వచ్చిందైతే అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు బేరం ముందే కలుపుకోండి. 15 ఏళ్లకి దగ్గర పడితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కూడా ఉంటుంది.

క్లచ్, టైర్లు, బ్యాటరీ, షాకబ్జర్లు, టైమింగ్ బెల్టు ఉన్న బండైతే ఆ బెల్టు, ఇలా వెంటనే మార్చాల్సినవన్నీ మెకానిక్ చేత కాగితం మీద రాయించి, ఆ మొత్తం ధరలోంచి తీసేసి అడగండి. ఆ మెకానిక్ మీ మనిషి అయ్యుండాలి, అమ్మేవాడు తెచ్చినవాడు కాదు.

డబ్బు ఇచ్చే రోజే బండి మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, రెండో తాళంచెవి తీసుకోండి. ఇన్సూరెన్స్‌ని 14 రోజుల్లోపు మీ పేరుకి మార్పించుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) మీకు రాదు కాబట్టి ప్రీమియంలో ఆ తేడా కట్టాల్సి వస్తుంది. పూజకి ముందే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించి, ఆ రోజు మీటరు అంకె ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి.