కిడ్నీ కణాల మీద కార్బన్ నానోట్యూబులు పరీక్షించే ముందు

కార్బన్ నానోట్యూబులు (కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాలు) కిడ్నీకి హాని చేస్తాయా అని అడిగే మా ల్యాబ్ పిల్లలను నేను తిరిగి అడుగుతాను: ఏ ట్యూబు, ఎంత పొడవు, పైన ఏ పూత? అది తేలనిదే కణాల జోలికి వెళ్లొద్దు.

ట్యూబుల పొడి ఉన్న సీసా మూత గాలిని లాగేసే హుడ్ లోపలే తియ్యండి, మాస్క్ పెట్టుకునే. తర్వాత ఇనుము, నికెల్, కోబాల్ట్ ఎంత మిగిలాయో కొలవండి. తయారీలో వాడిన లోహం చేసిన హానిని కార్బన్ నెత్తిన రుద్దకూడదు. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) ఉందేమో కూడా చూడాలి.

కణాలకు హెచ్‌కే-2 అనే రకం మంచిది, మనిషి కిడ్నీ నాళికల నుంచి వచ్చినవే. అసలు చిక్కు ఎంటీటీ పరీక్షతో. ఇందులో బతికున్న కణాలే రంగు తయారుచేస్తాయి, రంగు ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు. కానీ ఆ ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలు ట్యూబులకు అతుక్కుని ద్రావకంలో కరగవు. రంగు పలచబడుతుంది, కణాలు చచ్చాయని రంగు కొలిచే రీడర్ అంకె చూపిస్తుంది. అదే ప్లేటు మైక్రోస్కోపు కింద పెట్టండి: కణాలు అడుక్కి అంటుకుని నిక్షేపంగా ఉండొచ్చు! అందుకే నీటిలో కరిగే రంగునిచ్చే డబ్ల్యూఎస్‌టీ-1 పరీక్షతో సరిచూడండి. కణాలు లేకుండా ట్యూబులు మాత్రమే వేసిన వెల్స్ (చిన్న గుంటలు) ప్రతి ప్లేటులోనూ ఉండాలి.

ఎలుకల దశలో రక్తంలోని క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టే వ్యర్థం) ఒక్కటే నమ్మొద్దు, అది ఆలస్యంగా పెరుగుతుంది. మూత్రంలో కిమ్-1 (కిడ్నీ నాళికలు దెబ్బతింటే కనిపించే ప్రొటీన్) చూడండి.

గుండ్రటి నానోకణమైతే సుమారు 5.5 నానోమీటర్ల లోపుంటేనే కిడ్నీ సులువుగా వడకడుతుంది. పూత వేసిన సన్నటి ట్యూబులు మాత్రం 100 నుంచి 500 నానోమీటర్ల పొడవున్నా నిలువుగా దూరిపోతాయని 2010లో ఎలుకల్లో తేలింది. మూత్రంలో కనిపించాయి కదా అని క్షేమమని రాసేయకండి. కిడ్నీ కణజాలాన్ని కోసి, రంగు వేసి చూశాకే రాయండి.