నెలన్నర బిడ్డను డాక్టరుకు చూపించడం ఎలా?

నెలన్నర టీకాలంటే ఇంట్లో అందరి ధ్యాసా సూది మీదే ఉంటుంది. ఎంత ఏడుస్తాడో, రాత్రికి జ్వరం వస్తుందేమో అని బెంగ. నిజానికి సూది పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ప్రసవం అయ్యి ఇంటికొచ్చాక బిడ్డను బట్టలు విప్పి, తల నుంచి పాదాల దాకా ఒక డాక్టరు తీరిగ్గా చూసే మొదటి సందర్భం చాలామందికి ఇదే. ఇప్పుడు పట్టుకుంటే నయమయ్యే జబ్బులు కొన్ని ఉన్నాయి. నెల ఆలస్యమైతే అవే చేయి దాటిపోతాయి. అందుకే టీకాతో పాటు పరీక్ష కూడా చేయించుకునే రండి.

ఎప్పుడు, ఎక్కడ

పుట్టిన రోజు నుంచి 42 రోజులు లెక్క పెట్టండి. సోమవారం పుట్టిన బిడ్డకు ఆరు వారాలు సోమవారం నాడే నిండుతాయి, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. అంతకంటే ముందు వేయించకూడదు. ఉప కేంద్రాల్లో, అంగన్‌వాడీల్లో టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. మీ ఊళ్ళో ఏ రోజో ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో ముందే అడగండి. అక్కడ డాక్టరు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు టీకా అక్కడ వేయించినా, పరీక్ష మాత్రం ఆ వారంలోనే పీహెచ్‌సీలోనో, పిల్లల డాక్టరు దగ్గరో చేయించండి.

బాలింత పుట్టింట్లో ఉంటుంది, కార్డు అత్తగారింట్లో ఉంటుంది. టీకాలు వెనకబడడానికి మన దగ్గర ఇదొక పెద్ద కారణం. ప్రభుత్వ టీకాలు ఏ ఊళ్ళోనైనా వేస్తారు, నమోదైన చోటికే పోవాల్సిన పని లేదు. కార్డు మాత్రం బిడ్డ ఎక్కడుంటే అక్కడే ఉండాలి.

‘మూడో నెల వచ్చాక గడప దాటిద్దాం’ అనే పెద్దవాళ్ళకు నెమ్మదిగా ఒక సంగతి చెప్పండి. కోరింత దగ్గు అన్నిటికంటే ప్రమాదం తెచ్చేది మొదటి రెండు మూడు నెలల పసికందులకే. దాన్ని ఆపే టీకా మొదటి మోతాదు ఇప్పుడే వేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైనా లెక్క పుట్టిన తేదీ నుంచే. ఏ కారణంతోనైనా ఆలస్యమైతే మానేయకండి, వీలైనంత త్వరగా వేయించండి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

ముందు రెండు రోజులు ఇంట్లో గమనించాల్సినవి

డాక్టరు అడిగే ప్రశ్నలకు ‘బాగానే తాగుతున్నాడండీ’ అనే జవాబు పెద్దగా పనికిరాదు. రోజుకు ఎన్నిసార్లు పాలిస్తున్నారు, ఎన్నిసార్లు ఉచ్చ పోస్తున్నాడు అనేది రాసుకుని వెళ్ళండి. తల్లిపాలు చాలుతున్న బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు తడుపుతాడు. విరేచనం ఈ వయసులో రోజుకు ఏడెనిమిది సార్లు కావచ్చు, నాలుగైదు రోజులకొకసారీ కావచ్చు. తల్లిపాల బిడ్డ హుషారుగా తాగుతూ, పొట్ట మెత్తగా ఉంటే రెండూ మామూలే.

మలం రంగు మాత్రం జాగ్రత్తగా చూడండి. పసుపు, ఆవపిండి రంగు, ఆకుపచ్చ అయితే పర్వాలేదు. సున్నంలా, తెల్లమట్టిలా పాలిపోయి ఉందా? ఉచ్చ గుడ్డకు పసుప్పచ్చ మరక పడుతోందా? కళ్ళలో పసుపు ఇంకా పోలేదా? నెలలు నిండి పుట్టిన బిడ్డకు రెండు వారాలు దాటాక కామెర్లు ఉన్నాయంటే ఎండలో పడుకోబెట్టి ఊరుకోకూడదు. డైరెక్ట్ బిలిరుబిన్ రక్తపరీక్ష తప్పకుండా చేయించాలి. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఇలాగే బయటపడుతుంది. దానికి చేసే ఆపరేషన్ 60 రోజుల లోపు అయితేనే ఫలితం బాగుంటుంది. మీరు వెళ్తున్నది 42వ రోజున. చేతిలో మిగిలేది రెండున్నర వారాలే. అనుమానం ఉంటే టీకా రోజు దాకా కూడా ఆగకండి. వెళ్ళేటప్పుడు ఆ గుడ్డనే ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళండి.

బిడ్డ ఒళ్ళు విదిలించడం, వింత శబ్దంతో ఊపిరి తీయడం లాంటివి కనిపిస్తే ఫోన్‌లో అరనిమిషం వీడియో తీసుకోండి. డాక్టరు ముందు అవి కనబడకపోవచ్చు. పాలు తాగుతూ నుదుట చెమటలు పట్టడం, రెండు గుక్కలు తాగి ఆయాసపడి ఆగిపోవడం ఉంటే తప్పకుండా చెప్పండి. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డల్లో తరచూ ముందుగా కనిపించే గుర్తు అదే.

సంచిలో తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న చుక్కల మందు సీసాలు, మూడు నాలుగు పొడి గుడ్డలు ఉంటే చాలు. బిడ్డకు ముందు తెరుచుకునే పలుచని నూలు జుబ్బా వేయండి. బిగుతు లాగులు వద్దు, మూడు సూదుల్లో రెండు పడేది తొడలకే. దిష్టి చుక్క బుగ్గ మీద పెట్టుకోండి, కళ్ళలోకి కాటుక వద్దు.

బరువు తూచేటప్పుడు

గుడ్డలన్నీ విప్పి తూచమనండి. తడిసిన డైపరే వంద, రెండొందల గ్రాములు తూగుతుంది, అంటే బిడ్డ వారంలో పెరిగే బరువంత. పోయినసారి డైపరుతో, ఈసారి అది లేకుండా తూస్తే బాగా పెరుగుతున్న బిడ్డ కూడా పెరగనట్టే కనిపిస్తాడు. చాలా ఇళ్ళల్లో అనవసరంగా డబ్బాపాలు మొదలయ్యేది ఇలాంటి తప్పుడు లెక్కతోనే. బిడ్డను పెట్టకముందు మిషన్ సున్నా చూపిస్తోందో లేదో మీరూ చూడండి.

పుట్టాక మొదటి మూడు నాలుగు రోజుల్లో బరువు కొంచెం తగ్గి, రెండు వారాల లోపు మళ్ళీ పుట్టిన బరువుకు వస్తుంది. అక్కడి నుంచి రోజుకు సుమారు 25–30 గ్రాములు పెరగాలి. 2.8 కిలోలతో పుట్టిన బిడ్డ ఇప్పుడు మూడున్నర కిలోలైనా ఉండాలన్నమాట. పొడవు, తల చుట్టుకొలత కూడా కొలవమని అడగండి. తల కొలిచే టేపు కనుబొమల మీదుగా, వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా పోవాలి. కార్డులో ఆడపిల్లకు గులాబీ రంగు, మగపిల్లాడికి నీలం రంగు గ్రాఫు ఉంటుంది. అందులో చుక్క పెట్టించుకోండి. ఒక చుక్కతో ఏమీ తెలియదు, మూడు నాలుగు చుక్కలు కలిపిన గీత వంగుతోందా, పైకి పోతోందా అన్నదే ముఖ్యం.

పరీక్ష సూదికి ముందే

సూది పడ్డాక ఏడ్చే బిడ్డ గుండె చప్పుడు ఎవరికీ సరిగ్గా వినపడదు. అందుకే ముందు పరీక్ష, తర్వాత టీకా. డాక్టరు మాడు తడుముతారు, కంట్లో లైటు వేసి లోపలి ఎర్రటి మెరుపు చూస్తారు. అక్కడ తెల్లగా కనిపిస్తే వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. మోకాళ్ళు మడిచి తొడలు పక్కకు తెరిచేది తుంటి కీలు జారిందేమో తెలుసుకోవడానికి. గజ్జల్లో నాడి, మగపిల్లాడికి వృషణాలు దిగాయా లేదా చూస్తారు. బొడ్డు ఉబ్బి ఉంటే రూపాయి బిళ్ళ పెట్టి కట్టకండి. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, కట్టుతో చర్మం పుండవుతుంది. పుట్టినప్పుడు వేసిన క్షయ టీకా బీసీజీ చోట ఇప్పుడు చిన్న పొక్కు రావడం, చీము కారి ఎండడం సహజం. మందు రాయొద్దు.

మీరు అడగాల్సినవి రెండున్నాయి. వినికిడి పరీక్ష, అంటే ఓఏఈ, అయ్యిందా? కాకపోతే ఇప్పుడే రాయించుకోండి, వినికిడి లోపం ఉంటే మూడు నెలల లోపు తేలిపోవాలి. రెండోది విటమిన్ డి. బిడ్డకు రోజుకు 400 యూనిట్లు కావాలి. సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 400 ఉన్నవీ, 800 ఉన్నవీ దొరుకుతాయి కాబట్టి పాత సీసా అలవాటుతో కొత్తది పోయకండి. తల్లికి కుట్ల నొప్పి, ఊరికే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం ఉంటే అదీ అక్కడే చెప్పాలి. చాలామంది దాచుకుంటారు.

టీకాలు

ప్రభుత్వ కేంద్రంలో ఆరు వారాలకు నోట్లో రెండు రకాల చుక్కలు, మూడు సూదులు ఉంటాయి. పోలియో రెండు చుక్కలు, నీళ్ళ విరేచనాలను అడ్డుకునే రోటా టీకా. హైదరాబాదులో తయారయ్యే రోటావ్యాక్ అయితే ఐదు చుక్కలే. ఎడమ తొడకు పెంటావాలెంట్, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే ఒక బ్యాక్టీరియా) ఐదింటికీ కలిపి ఒకే సూది. కుడి తొడకు న్యుమోనియా టీకా పీసీవీ. కుడి జబ్బకు చర్మంలోకి పోలియో సూది, కేవలం 0.1 మిల్లీలీటరు. ప్రైవేటులో పెంటావాలెంట్‌కు బదులు ‘నొప్పి లేని’ టీకా అని అమ్మేది జ్వరం కొంచెం తక్కువ తెస్తుంది, కానీ కోరింత దగ్గు మీద దాని రక్షణ కాస్త త్వరగా తగ్గుతుంది. డబ్బు లేదని బాధపడి ఆగాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు.

సూది వేసేటప్పుడు బిడ్డను మంచం మీద పడుకోబెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని చంటి పాలివ్వండి, ఏడుపు తగ్గుతుంది. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా టీకా వేయించవచ్చు. తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. అరుదుగా వచ్చే తీవ్రమైన ఎలర్జీ ఎక్కువగా ఆ అరగంటలోనే బయటపడుతుంది, మందు అక్కడే ఉంటుంది. ఈలోపు కార్డులో టీకాల పేర్లు, తేదీ, తర్వాతి తేదీ రాశారా చూసుకోండి.

ఆ రాత్రి

జ్వరం, చిరాకు, తొడ వాపు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. వాపు మీద తడిగుడ్డ వేయండి. రుద్దడం, వేడి కాపడం, పసుపు పట్టడం వద్దు. బఠానీ గింజంత గడ్డ కొన్ని వారాలు ఉండిపోయినా భయం లేదు.

పారాసెటమాల్ దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, నాలుగు కిలోల బిడ్డకు 60. చుక్కల మందులో ఒక మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి, కాబట్టి 0.6 మిల్లీలీటరు చాలు. 5 మిల్లీలీటర్లకు 120 ఉన్న సిరప్ అయితే రెండున్నర మిల్లీలీటర్లు. సిరప్ లెక్క గుర్తుపెట్టుకుని చుక్కల మందు రెండున్నర పోస్తే 250 మిల్లీగ్రాములు పోయినట్టే, నాలుగు రెట్లకు పైన. అందుకే డాక్టరు దగ్గరే అడిగి, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకొకసారి అన్నది చీటీ మీద రాయించుకోండి.

పాలు తాగనంటే, లేపినా లేవకుంటే, ఫిట్స్ వస్తే, డొక్కలు ఎగరేస్తుంటే, నిద్రలో నిమిషానికి 60 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తుంటే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. జ్వరం 102 దాటినా, రెండు రోజులకు తగ్గకపోయినా అదే డాక్టరుకు చూపించండి. ఇక టీకా వేయించకుండా వచ్చిన 100.4 జ్వరమైనా సరే, మూడు నెలల లోపు బిడ్డకైతే ఇంట్లో మందు పోసి ఆగకూడదు, ఆ రోజే చూపించాలి.

తర్వాతి టీకా సరిగ్గా నాలుగు వారాలకు, అంటే పదో వారంలో. అప్పుడు పెంటా ఒక్కటే సూది, మిగతావి చుక్కలే.