పాత సమాధుల తోటను చూడటానికి ఎలా వెళ్లాలి?

కొత్త నగరానికి వెళ్తే కోటలూ మ్యూజియాలూ అందరూ చూస్తారు. అక్కడ ఎవరు బతికారో, ఏ వయసులో పోయారో, ఎవరు ఎవరి కోసం ఏడ్చారో తెలియాలంటే మాత్రం అక్కడి పాత సమాధుల తోటకు వెళ్లాలి. శ్మశానం అనగానే వెనకాడేవాళ్లు ఉంటారు. ఆ సంకోచం మంచిదే, లోపల ఎలా మసలుకోవాలో అదే నేర్పుతుంది.

1. ముందుగా వేళలు, రుసుము తెలుసుకోండి. పారిస్‌లో 1804లో తెరిచిన పెర్ లాషేజ్ శ్మశానవాటికకు ప్రవేశం ఉచితం. లండన్‌లో కార్ల్ మార్క్స్ సమాధి ఉన్న హైగేట్ శ్మశానవాటికలో టికెట్ కొనాలి.

2. మూడు నాలుగు సమాధులను మాత్రమే ఎంచుకోండి. పెర్ లాషేజ్ సుమారు 44 హెక్టార్లు. పటం లేకుండా ప్రముఖులందరినీ వెతుక్కుంటూ పోతే కాళ్ల నొప్పులే మిగులుతాయి. మిగతా సమయం పేరు తెలియనివాళ్లకు ఇవ్వండి. అసలు కథలు అక్కడే ఉంటాయి.

3. పొద్దున్నే వెళ్లండి. ఏటవాలుగా పడే ఎండలో చెక్కడాలు బాగా కనిపిస్తాయి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గట్టి బూట్లు వేసుకోండి.

4. ఒక్క రాయినైనా పూర్తిగా చదవండి. అరిగిన ఫలకం మీద ఎదురుగా టార్చి వేస్తే ఉన్న అక్షరాలు కూడా మాయమవుతాయి. టార్చిని రాతికి దగ్గరగా, పక్కనుంచి పట్టుకోండి. చెక్కిన గీతల్లో నీడ నిలిచి, ముందు ఒక పేరు, దాని కింద ఒక తేదీ మెల్లగా తేలతాయి. సుద్దముక్కతో రుద్దడం, ఇనుప బ్రష్‌తో గీకడం, అక్షరాలు తేలాలని షేవింగ్ నురగ పూయడం వద్దే వద్దు. పాలరాయి ఆమ్ల వర్షానికే కరుగుతుంది, దాని మీద మన చెయ్యి కూడా పడితే ఇక ఏమీ మిగలదు.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఇంట్లో ముగ్గురు కొద్ది వారాల తేడాతో పోయి ఉంటే, ఆ ఏడాది ఊళ్లో అంటువ్యాధి వచ్చిందేమో తర్వాత వెతకండి. 1767లో మొదలైన కోల్‌కతా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో చిన్న వయసులో పోయినవాళ్లు ఎందరో. ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన విలియం జోన్స్ కూడా 1794లో, 47 ఏళ్లకే పోయి అక్కడే ఉన్నారు.

5. గుర్తులు చదవడం నేర్చుకోండి. ఐరోపా సంప్రదాయపు సమాధుల మీద విరిగిన స్తంభం అర్ధాంతరంగా ఆగిన జీవితానికి గుర్తు. తలకిందులైన కాగడా మరణానికి, లంగరు ఆశకు, గొర్రెపిల్ల పసిబిడ్డకు గుర్తులు. గొర్రెపిల్ల ఉన్న రాళ్లు చాలావరకు చిన్నవిగా ఉంటాయి. వంగి చూడాలి.

6. ఇది ఇప్పటికీ దుఃఖపడేవాళ్ల చోటు. అంత్యక్రియలు జరుగుతుంటే దారి మార్చుకోండి, ఫోను జేబులో పెట్టండి. సమాధుల మీద కూర్చోకండి, ఆనుకోకండి. పాత రాళ్లు పట్టు వదిలి ఉంటాయి, మీద పడగలవు.

అభిమానం కూడా రాతిని పాడుచేస్తుంది. పెర్ లాషేజ్‌లో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ సమాధి మీద అభిమానులు లిప్‌స్టిక్ ముద్దులు పెట్టేవారు. ఆ మరకలూ, వాటిని కడగడమూ కలిసి రాయిని తినేశాయి. చివరకు 2011లో చుట్టూ గాజు అడ్డుగోడ పెట్టారు. మర్యాదగా చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా ఇప్పుడు ఆ గాజు ఇవతలే ఆగాలి.