ఓటు వేసే ముందు అభ్యర్థి క్యారెక్టర్ చెక్ చేసుకోవడం ఎలా?

ఎలక్షన్లు రాగానే ఎవర్ని అడిగినా ఒకటే మాట, నిజాయితీపరుడు కావాలండీ, జనానికి అందుబాటులో ఉండేవాడు కావాలండీ అని. మంచిదే, మరి మీవాడిలో అవి ఉన్నాయని ఎలా తేల్చుకున్నారు అంటే మాత్రం మొన్న యూట్యూబ్ ఇంటర్వ్యూలో భలే మాట్లాడాడు అంటారు, మా బావమరిది పెళ్లికొచ్చి అక్షింతలు వేసి వెళ్లాడు అంటారు, లేదంటే నెమ్మదిగా మనోడే కదా అంటారు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కూడా ఆధార్ కార్డు, ఉద్యోగం, పాత ఓనర్ ఫోన్ నంబర్ అడిగే మనం అయిదేళ్లు నియోజకవర్గం అప్పజెప్పేటప్పుడు ఒక్క కాగితం కూడా చూడం. ఆ కాగితం ఎలా చూడాలో చెప్తాను. చాలామంది చూస్తున్నాం అనుకుంటూ తప్పుగా చూస్తున్నారు కాబట్టి ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

కావాల్సినవి: అభ్యర్థి అఫిడవిట్, అంటే నామినేషన్‌తో పాటు తన ఆస్తులు, కేసుల గురించి ప్రమాణం చేసి ఇచ్చే ఫారం 26, పోయినసారి కూడా పోటీ చేసి ఉంటే అప్పటిది కూడా, ఒక ఎర్ర పెన్ను, ఒక మధ్యాహ్నం. ఈసారిది ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్లోనూ, నో యువర్ క్యాండిడేట్ యాప్‌లోనూ ఉంటుంది, పాతవి మైనేత సైట్లో దొరుకుతాయి. ప్రింట్ తీయాల్సిందే, ఫోన్లో చదివితే చదివినట్టు కాదు. మైనేతలో నీట్‌గా ఒక సమ్మరీ కూడా ఇస్తారు, అది వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ దాంతో ఆపేయకండి, అసలు స్కాన్ కాపీయే చదవాలి.

మొదటి పని, మీకు ఏం కావాలో రాసుకోండి. మూడే మూడు. పది రాస్తే దేవుడు కూడా పాసవ్వడు. ఇక్కడ మీతో మీరు నిజం మాట్లాడుకోవాలి, ఎందుకంటే రూల్ తప్పని మనిషి కావాలి అని రాసుకున్నవాళ్లే మావాడు డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు సార్, సీఐ గారికి ఒక్క ఫోన్ కొట్టండి అని రాత్రి పదకొండింటికి అదే మనిషికి ఫోన్ చేస్తారు, చెయ్యనంటే అహంకారం అంటారు. నా మూడు చెప్తాను: దొంగసొమ్ము ముట్టకపోవడం, కింది ఉద్యోగుల మీద నోరు పారేసుకోకపోవడం, ఓడిపోయినా ఊళ్లో ఉండటం. ఈ మూడు లేకుండా మిగతావి ఎన్ని ఉన్నా దండగ.

సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి ఏటా ఫార్వర్డులు వస్తాయి, సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి గురించి కూడా. పంపేవాళ్లని ఒకటే అడుగుతాను, ఇప్పుడు మీ ఊళ్లో సైకిల్ మీద ఒకాయన వచ్చి ఓటు అడిగితే డిపాజిట్ దక్కేంత ఓట్లన్నా వేస్తారా, పోలైన వాటిలో ఆరో వంతు దాటితే చాలు కదా. సరే, పనిలోకి వద్దాం.

రెండోది ఆస్తులు. టోటల్ చూసి గుండెలు బాదుకోవద్దు. అయిదేళ్లలో ఆస్తి నాలుగింతలు అయింది అని న్యూస్ వస్తుంది, తీరా చూస్తే తాతల నాటి పొలమే, పక్కన రింగ్ రోడ్డు పడి రేటు పెరిగి ఉంటుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సర్వే నంబర్లు కలపండి. కొత్తగా వచ్చిన నంబర్ల చుట్టూ ఎర్ర పెన్నుతో గీయండి, అది వారసత్వమా కొన్నదా, కొంటే ఏ తేదీన ఎంతకి అన్నది కూడా అక్కడే రాయాలి. దాని పక్కన అయిదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం చూడండి. ఆదాయానికీ కొన్నదానికీ పొంతన ఉందా లేదా, అంతే. భార్య పేరు, డిపెండెంట్ల కాలమ్స్ వదలొద్దు, అసలు కథ అక్కడే ఉంటుంది. గవర్నమెంట్‌తో ఉన్న కాంట్రాక్టుల గురించి కూడా ఒక చోట రాయాలి, అది ఎవరూ చదవరు, మీరు చదవండి.

ఇక మూడోది కేసులు. ఇక్కడే అందరూ పాడు చేస్తారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

కేసుల సంఖ్య లెక్కపెట్టొద్దు. దయచేసి లెక్కపెట్టొద్దు. ఆయనకి పదిహేను కేసులంట, ఈయనకి ఒక్కటేనంట, అయితే ఈయనే నయం అనేస్తారు. ఆ పదిహేనూ రాస్తారోకోలు, ధర్నాలు అయ్యుండొచ్చు, ఈ ఒక్కటీ అనాథల స్థలం కబ్జా అయ్యుండొచ్చు. చూడాల్సింది సెక్షన్లు. ఐపీసీ 143, 341, 188 కలిసి కనిపిస్తే ఎక్కువ శాతం రోడ్డు మీద కూర్చున్న కేసే. రైల్వే చట్టం 174 అంటే రైల్ రోకో, తెలంగాణ ఉద్యమంలో తిరిగిన చాలామంది నాయకుల అఫిడవిట్లలో ఇలాంటివి కనిపిస్తాయి. అదే 420, 406, 468, 471 కనిపిస్తే ఆగాలి, అవి మోసం, నమ్మకద్రోహం, ఫోర్జరీ. 354, 376 ఆడవాళ్ల మీద నేరాలు, 307 హత్యాయత్నం, 302 హత్య. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఆ తర్వాత జరిగిన వాటికి నంబర్లు మారాయి, 420 పోయి 318(4) అయింది, 302 పోయి 103 అయింది. 302 లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి.

ఒక మెలిక ఉంది. 188 అంటే ఆఫీసర్ ఆర్డర్ పాటించకపోవడం, చిన్నదే, కానీ ఎలక్షన్ టైంలో పెట్టిన 188 పక్కన 171ఇ కూడా ఉందేమో చూడండి, అది ఓటుకి డబ్బు లాంటి లంచం సెక్షన్. 353 కూడా అంతే, ప్రభుత్వ ఉద్యోగి మీద దౌర్జన్యం అని అర్థం, ధర్నాలో తోపులాట జరిగినా పెడతారు, ఎంఆర్వో చెంప పగలగొట్టినా పెడతారు. కాబట్టి సెక్షన్ పక్కన నేర వివరణ అని ఒక కాలమ్ ఉంటుంది, అది చదవకుండా ముందుకెళ్లకండి.

తర్వాత కేసు ఏ స్టేజ్‌లో ఉంది. ఎఫ్ఐఆర్ ఎవరి మీదైనా పడుతుంది, ప్రభుత్వం మారితే వీళ్ల మీద వాళ్లు, వాళ్ల మీద వీళ్లు పెట్టుకుంటారు, అది మనకి కొత్త కాదు. ఛార్జెస్ ఫ్రేమ్ అయ్యాయా అనే కాలమ్‌లో అవును అని ఉంటే మాత్రం జడ్జి కాగితాలు చూసి విచారణకి సరిపడా విషయం ఉంది అన్నట్టు. కానీ లేదు అని ఉన్నంత మాత్రాన కడిగిన ముత్యం అనుకోవద్దు, హైకోర్టు స్టే వల్ల ఏళ్ల తరబడి అక్కడే ఆగిన కేసులు బోలెడు. అఫిడవిట్‌లో కేసు నంబరు, కోర్టు పేరు ఉంటాయి కదా, అవి పట్టుకుని ఈకోర్ట్స్ యాప్‌లో కొట్టండి, వాయిదాల చరిత్ర మొత్తం వస్తుంది. వాయిదా వాయిదాకీ ముద్దాయి రాలేదు, 317 పిటిషన్ (ఈసారికి హాజరు నుంచి మినహాయించండి అని అడిగేది) వేశారు అని కనిపిస్తే అర్థం చేసుకోండి. నిజంగా ఏ పాపం ఎరగనివాడు కేసు త్వరగా తేలాలని కోరుకుంటాడు, ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను వినను.

పాత అఫిడవిట్‌లో ఉండి కొత్తదాంట్లో మాయమైన కేసుల్ని కూడా గీయండి. కొట్టేశారా, సాక్షులు హోస్టైల్ అయ్యారా, అంటే కోర్టులో మాట మార్చారా, రాజీ పడ్డారా, లేక ప్రభుత్వమే ఉపసంహరించుకుందా? ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు మాయమైన వాటి గురించి అభ్యర్థినే అడగండి, ఇంటింటికీ వస్తాడు కదా ఆ పది రోజులు. అడిగినప్పుడు సమాధానం కంటే మొహం చూడండి, చిరాకుపడితే మార్కులు కట్.

కేసులున్న అభ్యర్థి వాటి గురించి పేపర్లో, టీవీలో మూడుసార్లు ప్రకటన ఇవ్వాలి, 2018 నుంచి రూల్ అది. జిల్లా పేజీలో చిన్న అక్షరాలతో వేస్తారు, వెతకండి. కేసులున్న మనిషికే టికెట్ ఎందుకిచ్చామో పార్టీ కూడా కారణం రాయాలి, గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే కుదరదని 2020లో కోర్టు చెప్పింది. ఆ కారణాలు ఒకసారి చదవండి, ప్రజాదరణ ఉంది, సేవాతత్పరుడు అని ఉంటుంది, అదే కారణం, అభ్యర్థి పేరు మాత్రం మార్చి, వేరే చోట కూడా కనిపిస్తుంది.

నాలుగోది ఊళ్లో వాకబు. పార్టీ వాళ్లని అడగొద్దు, అవతలి పార్టీ వాళ్లని అసలే అడగొద్దు. ఆయన దగ్గర పనిచేసి మానేసిన డ్రైవర్, మున్సిపల్ ఆఫీసు అటెండరు, ఆయన ఇంటి పక్కవాళ్లు, ఈ ముగ్గురు చాలు. పోయినసారి ఓడిపోయాక ఎక్కడున్నాడు అని అడగండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో వ్యాపారం చూసుకుని మళ్లీ నోటిఫికేషన్‌కి ముందు దిగినవాడైతే నా లిస్టులో ఉండడు. సిట్టింగ్ ఎంపీ అయితే హాజరు, అడిగిన ప్రశ్నలు, చట్టసభల పనితీరు లెక్కలు పెట్టే పీఆర్ఎస్ సంస్థ సైట్లో ఉంటాయి, అయిదు నిమిషాల పని.

అఫిడవిట్‌లో దాచినది మీ కంటపడితే వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి. పోలింగ్ లోపు అయితే రిటర్నింగ్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, తప్పుడు అఫిడవిట్‌కి ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది. గెలిచేశాక అయితే ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేయొచ్చు, కానీ ఫలితం వచ్చిన 45 రోజుల్లోపే వేయాలి, 46వ రోజు వెళ్తే తీసుకోరు.